రేడియోలో గరగర: లోపం పెట్టెలో లేదు

పైలట్ లాగ్‌బుక్‌లో రాసింది ఒక్క వాక్యమే: ఎత్తుకు వెళ్లాక రెండో వీహెచ్ఎఫ్ రేడియోలో (నేల మీది కంట్రోలర్లతో మాట్లాడేది) గరగర, మాట తెగిపోతోంది. నేల మీద చూస్తే చక్కగా పలికింది. ఇలా వచ్చిపోయే లోపాలే విమానం ఎలక్ట్రానిక్స్ చూసే మా ఏవియానిక్స్ పనిలో అసలు పరీక్ష.

ముందు రెండు రేడియో పెట్టెలనూ అటూఇటూ మార్చాను. తర్వాతి ఫ్లైట్‌లోనూ గరగర రెండో వైపే. అంటే పెట్టె మంచిదే, కేబులో యాంటెనానో చూడాలి. కొత్త పెట్టె బిగించి సంతకం పెట్టేయడం తేలికే, కానీ నాకు మనసొప్పదు.

118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య కొన్ని ఫ్రీక్వెన్సీల్లో పవర్ కొలిచే వాట్‌మీటర్ పెట్టి చూస్తే, యాంటెనా నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్ ఎక్కువగా ఉంది, అంటే పవర్ సరిగా బయటికి వెళ్లడం లేదు. యాంటెనా విప్పాను. తడి లోపలికి పోకుండా చుట్టూ పూసే సీలెంట్ ఒక అంచున పగిలింది. కోయాక్స్ (రేడియో నుంచి యాంటెనాకి వెళ్లే కేబుల్) కనెక్టర్ నడిమి పిన్ను చుట్టూ పచ్చటి చిలుము, వేలికి తడి తగిలింది. పైన చలికీ వైబ్రేషన్‌కీ అక్కడే కాంటాక్ట్ దెబ్బతింటోంది.

కనెక్టర్ కొత్తది వేసి, యాంటెనా కూర్చునే చోట లోహం మెరిసేదాకా తుడిచి, బాండింగ్ రెసిస్టెన్స్ (యాంటెనాకీ విమానం లోహపు ఒంటికీ మధ్య ఉండే విద్యుత్ నిరోధం) మాన్యువల్ చెప్పిన మిల్లీఓముల లోపే ఉందని కొలిచాకే సీలెంట్ పట్టించాను. మీటర్‌లో తిరిగొచ్చే పవర్ దాదాపు సున్నాకి పడింది. ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.