బయటి గోడల రంగు పెచ్చులూడకుండా ఎలా చూసుకోవాలి?

కాకినాడలో మా ఇంటికి ఒక ఏడాది సంక్రాంతికి ముందు హడావిడిగా రంగులు వేయించాం. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే తెరిపిచ్చాయి. పండక్కి ఇల్లు మెరిసిపోయింది. జూలై వచ్చేసరికి మెట్ల పక్క గోడ మీద రంగు బొబ్బల్లా లేచింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది. రంగు అమ్మినవాణ్ణీ వేసినవాణ్ణీ కలిపి తిట్టుకున్నాం. తీరా చూస్తే మేడ మీది ట్యాంకు పొంగినప్పుడల్లా నీళ్లు పిట్టగోడ పగులులోంచి ఆ గోడలోకే దిగుతున్నాయి.

రంగు ఊడటానికి ఎక్కువగా కారణాలు రెండే. గోడలోని నీరు బయటికి వస్తూ రంగును వెనకనుంచి నెట్టడం ఒకటి. గోడకూ రంగుకూ మధ్య పొడి మిగిలిపోవడం రెండోది. ఈ రెండూ చూసుకోకుండా ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా డబ్బు దండగే.

ముందు నీటి దారి వెతకండి

వాన వెలిసిన గంటలోపు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. చెమ్మ మచ్చ ఎక్కడుందో చూస్తే నీరు ఎటునుంచి వస్తోందో చాలావరకు తెలిసిపోతుంది. మచ్చ పైనుంచి కిందికి దిగితే పిట్టగోడనో స్లాబునో అనుమానించాలి. గోడ నడుమ ఉంటే లోపల బాత్రూమ్ ఉందేమో, పైపు జాయింటు కారుతోందేమో చూడాలి. వాన లేని రోజుల్లోనూ ఆ మచ్చ ఆరకపోతే దాదాపు పైపే. కింది రెండు మూడు అడుగుల్లోనే ఉంటే నేలలోంచి ఎక్కుతోంది.

పిట్టగోడ పైభాగాన్ని సిమెంటుతో సరిచేసి, వాటం మేడ లోపలివైపుకు ఇప్పించండి. బయటివైపుకు ఉంటే వాననీళ్లన్నీ రంగు మీదుగానే కారతాయి. పూలకుండీలను పిట్టగోడ మీదనుంచి దించేయండి, రోజూ పోసే నీళ్లు దానిలోకే ఇంకుతాయి. ఏసీ నీళ్ల పైపును గోడకు దూరంగా మళ్లించండి. పగుళ్లలో మొలిచిన రావి మొక్కను పైపైన తుంచితే మళ్లీ వస్తుంది. పగులు తెరిచి, వేరుతో సహా తీసి, అప్పుడు పూడ్చాలి.

గోడ అడుగున మొక్కల కోసం పోసిన మట్టి గోడకు తగులుతుంటే అక్కడినుంచి తీసేయండి. కొందరు ఆ కింది మూడడుగులకీ మరకలు పడవని ఆయిల్ పెయింట్ పట్టీ కొట్టిస్తారు. నేలనుంచి చెమ్మ ఎక్కే గోడకు అది పనికిరాదు. లోపలి తడి ఆవిరై పోవడానికి దారి మూసుకుపోతుంది కాబట్టి అన్నిటికంటే ముందు పెచ్చులూడేది ఆ పట్టీయే.

గోడ ఆరిందా లేదా?

ఎండ తగలని చోట ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గాలి దూరకుండా అంటించండి. సాయంత్రం అంటించి మర్నాడు మధ్యాహ్నం తీయండి. లోపలివైపు నీటి చుక్కలు పట్టినా, గోడ నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకొంచెం ఎక్కువైనా నష్టం లేదు. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందన్న టెన్షన్‌లో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. తప్పనిసరైతే అప్పటికి ప్రైమర్‌తో (రంగుకు ముందు పూసే అడుగు పూతతో) సరిపెట్టి, ఫైనల్ రంగు తర్వాత వేయించుకోండి.

గీకడం అసలు పని

పాత గోడ మీద అరచేయి గట్టిగా రుద్దండి. చేతికి పొడి అంటితే దాని మీద ఏ రంగూ నిలవదు. సున్నం వేస్తూ వచ్చిన పాత ఇళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. కొత్త రంగు అంటుకునేది ఆ పొడికే గాని గోడకు కాదు. వదులుగా ఉన్నదంతా స్క్రేపర్‌తో, వైర్ బ్రష్‌తో తీసేసి, మిగిలిన గట్టి రంగు అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి.

"ఎందుకండీ, ప్రైమర్ కొట్టేస్తే పట్టేస్తుంది" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. వినకండి. నా సలహా ఏమిటంటే గీకే పనిని చదరపు అడుగుల కాంట్రాక్టులో కలపకుండా విడిగా రోజుకూలి మీద చేయించండి. అడుగుల లెక్కలో డబ్బు తీసుకునే మనిషి గీకుతూ కూర్చుంటే అతనికే నష్టం కదా!

తెల్లటి ఉప్పు తేలిన చోట నీళ్లతో కడగడానికి తొందరపడకండి. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, ఊడ్చేసి, ఆ తర్వాతే కడగాలి. నాచు పట్టిన చోట బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పూసి, కాసేపు ఆగి రుద్ది కడగండి. దాంతోపాటు యాసిడ్ మాత్రం వాడొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. కడిగాక రెండు మూడు రోజుల ఎండ తగలనివ్వండి.

గేట్లు, గ్రిల్స్ గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తుప్పు పోయాక అదే రోజు ఇనుముకు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసేయాలి.

లప్పం, ప్రైమర్, రంగు

సన్న పగుళ్లను కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, బయటి గోడలకు అమ్మే క్రాక్ ఫిల్లర్ నింపండి. లప్పం బయట గోడంతా పెట్టించనక్కర్లేదు, గుంటలున్న చోట పలుచగా చాలు. అదీ వైట్ సిమెంటుతో చేసినదే వాడాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వానకు మెత్తబడిపోతుంది. లప్పం పని అయ్యాక బయటి గోడలకు తగిన ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) రెండు కోట్లు. నీళ్లు చెంబుతో అందాజుగా పోయనివ్వకండి. ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది, కొలిచి పోయించండి. నీళ్లెక్కువైతే రంగు ఎక్కువ గోడకు సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ పొర పలుచబడి తొందరగా పొడిగా రాలుతుంది. కోటుకూ కోటుకూ మధ్య సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి.

కోస్తాలో జనవరి చివరినుంచి మార్చి దాకా ఈ పనికి మంచి కాలం. తెలంగాణలో వానలు ముందే వెనక్కిపోతాయి కాబట్టి నవంబరులోనే మొదలుపెట్టొచ్చు. ఎండాకాలంలో తప్పనిసరైతే నీడ వెంట నడవండి: పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు గోడ. కాలే గోడ మీద రంగు పట్టుకోకముందే ఆరిపోతుంది. చలికాలంలో మంచు దిగకముందే, నాలుగింటికల్లా బ్రష్ ఆపేయాలి.

మేం ట్యాంకుకు ఫ్లోట్ వాల్వ్ పెట్టించి, పిట్టగోడ పగులు పూడ్పించి, ఆ గోడను ఫిబ్రవరి దాకా అలా బోడిగానే వదిలేశాం. వచ్చినవాళ్లంతా "ఈ ఒక్క గోడకి ఏమైంది?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఏటా మే నెలలో మేడెక్కి ఒకసారి చూసుకుంటాను. ఎక్కడైనా అరచేయంత లేస్తే అంతమేరే గీకి, ప్రైమర్ పూసి సరిచేస్తాను. అందుకోసం ఒక లీటరు రంగు మిగుల్చుకుని, షేడ్ నంబరు డబ్బా మూత మీద మార్కర్‌తో రాసి మెట్ల కింద పెట్టాను.