ఖరీదైన వాచీలో తేదీ, చంద్రుడు, రెండో టైము మొరాయిస్తే

విజయనగరం గంటస్తంభం దగ్గర బల్ల ముందు కూర్చుని వాచీలు విప్పే పని నాది. సెలవులకి ఊరొచ్చే షిప్పు ఉద్యోగులు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు మంచి స్విస్ వాచీలు తెస్తుంటారు. గంటలు, నిమిషాలు, సెకన్లు కాక వాచీ చూపించే ప్రతి అదనపు సంగతినీ మా పనిలో కాంప్లికేషన్ అంటాం. నా బల్ల మీదకి వచ్చే వాటిలో ఎక్కువ భాగం వేళ కాని వేళ కీ తిప్పడం వల్ల పాడైనవే. అందుకే ఇది రాస్తున్నాను.

తేదీ మధ్యాహ్నం మారుతోంది

వాచీకి పగటి పన్నెండూ రాత్రి పన్నెండూ తారుమారయ్యాయి, అంతే. కీ చివరిదాకా లాగి ముళ్ళని ముందుకి పన్నెండు గంటలు తిప్పండి. రిపేరు అక్కర్లేదు.

తేదీ రెండు అంకెల మధ్య ఇరుక్కుంది

ఇది మాత్రం టెన్షన్ పడాల్సిందే. చాలా వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీ చక్రాన్ని నెట్టే చిన్న వేలు దాని పళ్ళలో దిగి ఉంటుంది. అప్పుడు కీతో తేదీ మారిస్తే ఒకటి ఇటు, ఒకటి అటు లాగుతాయి. సిరిమానోత్సవం మర్నాడు ఒకాయన అలాంటి వాచీయే తెచ్చారు. జాతర నుంచి ఇంటికొచ్చి, రాత్రి పది దాటాక తేదీ తప్పుందని చూసి అప్పటికప్పుడు మార్చారట. లెన్స్ పెట్టి చూస్తే ఆ వేలు పక్కకి వంగిపోయి, కొస దగ్గర ఇత్తడి రజను సన్నగా మెరుస్తోంది. చూడగానే ప్రాణం ఉసూరుమంది.

ఇరుక్కుంటే బలవంతం చెయ్యకండి, విప్పాల్సిందే. ఇరుక్కోకుండా ఉండాలంటే తేదీ మార్చే ముందు ముళ్ళని ఆరుకి తెచ్చుకోండి. పొద్దుటి ఆరైనా, సాయంత్రం ఆరైనా పర్వాలేదు. తర్వాత నిన్నటి తేదీ పెట్టి, ముళ్ళని ముందుకి తిప్పుతూ ఈరోజు తేదీ పడనిచ్చి, అక్కణ్ణించి టైముకి తెచ్చుకోండి.

మామూలు తేదీ వాచీని ఏడాదికి ఐదుసార్లు సరిచెయ్యాలి. 30, 31 రోజుల నెలల తేడా తనే చూసుకునే యాన్యువల్ క్యాలెండర్ అయితే మార్చి 1న ఒక్కసారి చాలు. పర్పెచ్యువల్ క్యాలెండర్ లీపు సంవత్సరాన్ని కూడా తనే చూసుకుంటుంది, ఆగకుండా నడిస్తే 2100 దాకా ముట్టుకోనక్కర్లేదు. కానీ చాలావాటిలో తేదీ వెనక్కి రాదు. పొరపాటున రెండు రోజులు ముందుకి పోతే, వాచీని ఆపి ఆ రోజు వచ్చేదాకా ఆగడమే మేలు.

చంద్రుడు తప్పు చూపిస్తున్నాడు

ఈరోజు చంద్రుడు ఎంత ఉన్నాడో డయల్ మీద చూపించే ఈ కాంప్లికేషన్ నాకు అన్నిటికంటే ఇష్టం. మామూలుగా 59 పళ్ళ చక్రం మీద రెండు చంద్రుడి బొమ్మలుంటాయి, అంటే రోజుకో పన్ను చొప్పున ఒక్కోదానికి 29.5 రోజులు. అసలు చాంద్రమాసం 29.53 రోజులు. ఆ కాస్త తేడా పేరుకుని రెండేళ్ళ ఏడెనిమిది నెలలకి వాచీ చంద్రుడు ఒక రోజు ముందుకి పోతాడు. మన అధిక మాసం కూడా దాదాపు అంతే కాలానికి ఒకసారి వస్తుంది. కాబట్టి క్యాలెండర్లో అధిక మాసం కనిపించినప్పుడల్లా చంద్రుణ్ణి సరిచూసుకోండి. 135 పళ్ళ చక్రమున్న వాచీలో అయితే ఒక రోజు తేడా రావడానికి 122 ఏళ్ళు పడుతుంది.

సరిచెయ్యడం సులువు. ముళ్ళు ఆరుకి తెచ్చి, పక్కనున్న చిన్న గుంటలో నొక్కుతూ నిండు చంద్రుణ్ణి మధ్యకి తెండి. గోడ క్యాలెండర్లో పోయిన పౌర్ణమి చూసి, అప్పటినుంచి ఎన్ని రోజులైతే అన్ని నొక్కులు నొక్కండి. తిథులు కాదు, తేదీలు లెక్కపెట్టాలి, ఎందుకంటే తిథి సరిగ్గా 24 గంటలు ఉండదు. నొక్కడానికి గుండుసూది వద్దు, గీతలు పడతాయి. వాచీతో ఇచ్చిన పుల్ల లేకపోతే పళ్ళ పుల్ల వాడండి.

రెండో టైములో అరగంట తేడా

దుబాయ్‌లో ఉన్నవాళ్ళు జీఎంటీ ముల్లుతో (రోజుకి ఒక్క చుట్టు తిరిగి రెండో ఊరి టైము చూపించే ముల్లు) ఇంటి టైము పెట్టుకోబోతే కుదరదు. మనకీ అక్కడికీ తేడా గంటన్నర, ఆ ముల్లు గంట గంటకే గెంతుతుంది. వాచీ చెడిపోలేదు. చుట్టూ తిరిగే 24 గంటల రింగు అరగంటకొక క్లిక్ ఇచ్చే రకమైతే, ముల్లుని దుబాయ్ టైముకే ఉంచి రింగుని ఎడమకి మూడు క్లిక్కులు తిప్పండి. రింగు మీద ఇంటి టైము కనిపిస్తుంది.

స్టాప్‌వాచ్ ముల్లు సున్నాకి రావట్లేదు

బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ అయితే కీ లాగి బటన్లతో మీరే సరిచేసుకోవచ్చు, పద్ధతి వాచీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మెకానికల్ అయితే దెబ్బ తగిలి ముల్లు జారి ఉండొచ్చు, మెకానిక్ చూడాలి.

రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి పోతోంది

స్పీకర్, ట్యాబ్ కవర్ లాంటివాటిలోని అయస్కాంతం పట్టి, వాచీ వేగాన్ని నిలిపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అంటుకుని ఉండొచ్చు. వాచీ దగ్గర దిక్సూచి పెట్టి చూడండి. సూది ఊగితే అదే కారణం. అయస్కాంతాన్ని తీసేసే డీమాగ్నెటైజర్ మీద పెడితే నిమిషంలో పోతుంది.

అద్దం లోపల ఆవిరి

కళింగపట్నం బీచ్‌కి వెళ్ళొచ్చాక ఇలాంటివి వస్తాయి. కీ సరిగ్గా బిగించలేదు, లేదా రబ్బరు వాషర్ ఎండిపోయింది. బియ్యం డబ్బాలో పెట్టకండి, హెయిర్ డ్రైయర్ కొట్టకండి, బటన్లు నొక్కకండి. ఆరిపోయినట్టు కనిపించినా ఉప్పు లోపలే ఉండి స్టీలు భాగాలని తినేస్తుంది. అదే రోజు విప్పించండి.