నమ్మకాన్ని పరిశీలించుకోవడానికి ఒక ప్రశ్న

విశాఖపట్నం ఓడరేవు సమీపంలో వేంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్ పక్కపక్కనే ఉన్నాయి. తన విశ్వాసాన్ని నిజాయతీగా పరిశీలించుకోదలచినవారు ఈ మూడింటినీ తలచుకొని, ‘నేను పక్క కొండకు వెళ్లి మొక్కే ఇంట్లో పుట్టి ఉంటే, ఇప్పుడు నాకు సత్యంగా తోస్తున్నది అప్పుడూ అలాగే తోచేదా?’ అని ప్రశ్నించుకొని, జవాబును కాగితంపై రాసుకోవాలి. రాయడం ముఖ్యం, మనసులో అనుకున్న జవాబు మనకు అనుకూలంగా మారిపోతుంది. నెరవేరిన కోరికలతోపాటు నెరవేరనివాటినీ అక్కడే రాయండి, ఎందుకంటే సింహాచలం గిరిప్రదక్షిణలో సుమారు 32 కిలోమీటర్లు నడిచినవారికైనా నెరవేరినవే ఎక్కువగా గుర్తుంటాయి. ఇంట్లో పెద్దలను అడగదలిస్తే, పూజ వేళ కాక తీరికగా ఉన్నప్పుడు, ‘మీకు ఈ నమ్మకం ఎలా కలిగింది?’ అని అడిగి, వారు చెప్పడం పూర్తయ్యేవరకు వినండి.