పాతకాలపు ఫెయిరీ, అడవిపూల బొమ్మలతో అలంకరణ: ఫైలు నుంచి ఫ్రేము దాకా

చెక్కపెట్టె మీద అతికించిన ఫెయిరీ రెక్కల చుట్టూ రంగు చెదిరితే నింద జిగురు మీద పడుతుంది. చాలాసార్లు తప్పు సిరాది. ఈ బొమ్మలతో చేసే ఏ పనైనా బాగుంటుందో చెడుతుందో జిగురు డబ్బా మూత తీయకముందే తేలిపోతుంది. ఏ ఫైలు తీసుకున్నాం, ఏ ప్రింటర్‌లో తీశాం, ఎలాంటి కాగితం వాడాం అన్నవే అసలు సంగతులు. అందుకే ముందు ప్రింటు గురించి వివరంగా, ఆ తర్వాతే కత్తెర, బ్రష్షు, ఫ్రేము.

బొమ్మ ఎవరిది, ఎప్పటిది

అడవిపూల బొమ్మలకు 18, 19 శతాబ్దాల వృక్షశాస్త్ర గ్రంథాలను మించిన గని లేదు. లండన్‌లో 1787లో మొదలైన కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్, జేమ్స్ సోవర్బీ బొమ్మలతో 1790 నుంచి 1814 వరకు వెలువడిన ఇంగ్లిష్ బోటనీ ఇలాంటివే. వీటిలో గీతలు రాగిరేకు మీద చెక్కి అచ్చువేసినవి, రంగులు చేత్తో అద్దినవి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఇలాంటి గ్రంథాల స్కాన్లను ఉచితంగా ఇస్తోంది. ఒక్కో పుస్తకం పేజీలో హక్కుల వివరం రాసి ఉంటుంది. డౌన్‌లోడ్ చేసే ముందు అది చదవండి.

ఫెయిరీ బొమ్మల దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. పాతగా కనిపించినంత మాత్రాన హక్కులు తీరిపోయినట్టు కాదు. బ్రిటన్‌తో సహా చాలా దేశాల్లో కళాకారుడు చనిపోయాక 70 ఏళ్లు, భారత్‌లో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ ఆ ఏడాది డిసెంబరు ఆఖరు దాకా లెక్క. రిచర్డ్ డోయల్ 1883లో, వాల్టర్ క్రేన్ 1915లో, ఆర్థర్ రాక్హామ్ 1939లో చనిపోయారు కాబట్టి ఈ లెక్కన వాళ్ల బొమ్మలకు చిక్కు లేదు. పువ్వుకో ఫెయిరీని గీసిన సిసిలీ మేరీ బార్కర్ సంగతి వేరు. ఆమె తొలి ఫ్లవర్ ఫెయిరీస్ పుస్తకం 1923లో వచ్చింది. అమెరికాలో దాని కాపీరైట్ తీరిపోయింది. కానీ ఆమె 1973 దాకా బతికారు కాబట్టి బ్రిటన్‌లో 2043 చివరి వరకు, భారత్‌లో 2033 చివరి వరకు హక్కులుంటాయి. ఆ బొమ్మలతో చేసినవి అమ్మాలనుకుంటే అనుమతి తప్పనిసరి. కళాకారుడి పేరూ సంవత్సరమూ లేకుండా ‘వింటేజ్’ అన్న ఒక్క మాటతో దొరికే బొమ్మల కట్టలను అమ్మకపు పనికి వాడకండి.

పిక్సెళ్ల లెక్క

చేతిలో పట్టుకుని చూసే వస్తువుకు అంగుళానికి 300 చుక్కలు, అంటే 300 డీపీఐ కావాలి. ఏ4 నిండా రావాలంటే ఫైలు 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి, ఏ5కు 1748 × 2480, 4 × 6 అంగుళాల కార్డుకు 1200 × 1800. పిక్సెళ్ల వెడల్పును 300తో భాగిస్తే ఎన్ని అంగుళాలకు సరిపోతుందో తెలుస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి చూసే గోడ బొమ్మకు 200 డీపీఐ ఉన్నా సరిపోతుంది.

తెర మీద కనిపించే బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి దాచుకుంటే చాలాసార్లు వచ్చేది చిన్న నమూనా ఫైలే. డౌన్‌లోడ్ మెనూలో అన్నిటికంటే పెద్ద సైజు ఎంచుకోండి, టిఫ్ (నాణ్యత తగ్గకుండా బొమ్మను దాచే ఫైలు రకం) ఉంటే అదే తీసుకోండి. తర్వాత 100 శాతం జూమ్‌లో పువ్వు మధ్య కేసరాలను చూడండి. ఒక్కో కేసరం విడిగా, కొసన పుప్పొడి చుక్కతో సహా కనిపిస్తే ఫైలు మంచిది. కేసరాలన్నీ కలిసి పసుపు మచ్చలా ఉంటే సాఫ్ట్‌వేర్‌తో ఎంత పెంచినా ఆ గీతలు తిరిగి రావు, ప్రింటు సైజు తగ్గించుకోవడమే మార్గం.

సొంత పుస్తకం నుంచి స్కాన్ చేస్తుంటే 600 డీపీఐ పెట్టండి. పేజీ వెనకాల నల్ల కాగితం ఒకటి ఉంచితే అవతలి వైపు అక్షరాలు ఇటు తొంగిచూడవు. 1900 ప్రాంతం నుంచి వచ్చిన రంగుల పేజీల్లో ఎక్కువ భాగం సన్న చుక్కల వరసలతో అచ్చయినవి, భూతద్దం పెడితే ఆ వరసలు కనిపిస్తాయి. వాటిని నేరుగా స్కాన్ చేసి ప్రింటు తీస్తే ఆ చుక్కలకూ ప్రింటర్ చుక్కలకూ పొంతన కుదరక బొమ్మంతా గళ్లగళ్లుగా వస్తుంది. స్కానర్‌లో డీస్క్రీన్ (అచ్చు చుక్కలను చెరిపే సెట్టింగు) ఆన్ చేసి, 600లో స్కాన్ చేశాక 300కు తగ్గిస్తే ఈ గళ్లు చాలావరకు పోతాయి. పుస్తకం వీపు బిగుసుకుని ఉంటే గాజు మీద బలంగా అదమకండి. సగం తెరిచి, పైనుంచి కెమెరాతో ఫొటో తీయడం మేలు.

శుభ్రం చేయడం, ఎంతవరకు

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాత కాగితపు పసుపును తెల్లగా కడిగేయాలని ఫొటో సాఫ్ట్‌వేర్‌లో వెలుగునీడలు సరిచేసే లెవెల్స్‌ అనే పరికరంలో తెలుపు గుండీని బాగా లోపలికి లాగుతారు. నీటిరంగుల ఫెయిరీ రెక్కను దగ్గరగా చూడండి. రెక్క అంచున ఒక బూడిదరంగు గీత, లోపల నీలమో లేత ఆకుపచ్చో ఉందా లేదా అన్నట్టు ఒక పలచని పూత. ఆ పూతకూ కాగితం రంగుకూ తేడా చాలా కొద్ది. కాగితాన్ని స్వచ్ఛమైన తెలుపు చేస్తే ఆ పూత కూడా దానితోపాటే కొట్టుకుపోయి రెక్క బదులు ఖాళీ గీతలు మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ చూపించే రంగు అంకెల్లో (0 నలుపు, 255 పూర్తి వెలుగు) కాగితం భాగం ఎరుపు 245, ఆకుపచ్చ 240, నీలం 228 దగ్గరకు వచ్చాక ఆపేయండి. ఆ కొద్దిపాటి మీగడ రంగులోనే బొమ్మ పాతదనం ఉంది.

గోధుమరంగు తేమ మచ్చలను హీలింగ్ బ్రష్‌తో (పక్కనున్న రంగుతో మచ్చను కప్పే పరికరం) ఒక్కొక్కటిగా తీయాలి. దుమ్ము, గీతలు తీసేసే ఫిల్టర్‌ను బొమ్మ మొత్తానికీ వేయొద్దు. నీడ కోసం చిత్రకారుడు పెట్టిన చుక్కలకూ మచ్చలకూ అది తేడా తెలుసుకోలేదు. నాలుగైదు బొమ్మలు పక్కపక్కన పెట్టబోతుంటే అన్నిటి కాగితం రంగునూ ఒకే అంకెలకు తీసుకురండి. వేరువేరు పుస్తకాలవి కూడా అప్పుడు ఒకే వరసలో ఒదుగుతాయి.

ఏ సిరా, ఏ కాగితం

ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఎక్కువ భాగం డై సిరావి. ఆ సిరా నీళ్లలో కరుగుతుంది. తెల్ల జిగురులో ఉండేది చాలావరకు నీళ్లే, అందుకే రంగు చెదురుతుంది. నీళ్లలో కరగని సన్న రంగుపొడితో చేసిన పిగ్మెంట్ సిరా దీనికంటే ఎక్కువ తట్టుకుంటుంది, ఎండకు రంగు వెలిసిపోవడం కూడా నెమ్మదిగా ఉంటుంది. లేజర్ ప్రింటులో రంగు ప్లాస్టిక్ పొడి, వేడికి కాగితం మీద కరిగి అతుక్కుంటుంది కాబట్టి తడికి చెదరదు. అతికించే పనులకు లేజర్, ఫ్రేము కట్టే పనులకు పిగ్మెంట్ అని గుర్తుపెట్టుకుంటే చాలు. మీది ఏ సిరానో తెలియకపోతే బొటనవేలంత బొమ్మ ప్రింటు తీసి, ఒక రోజు ఆరనిచ్చి, తడివేలితో రుద్ది చూడండి.

డై సిరా ప్రింటే ఉందంటే పారేయనక్కర్లేదు. ఆరాక క్లియర్ యాక్రిలిక్ స్ప్రేను 25 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా కొట్టండి. 20 నిమిషాలు ఆగి రెండో పూత, తర్వాత వెనకవైపు ఒక పూత. ఒకేసారి మందంగా కొడితే ఆ తడికే సిరా కదులుతుంది. ఈ పని గాలి ఆడే చోటే చేయాలి.

కాగితం సంగతికొస్తే, అతికించడానికి 80–90 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), కత్తిరించి కార్డుల మీద నిలబెట్టే బొమ్మలకు 160–200, ఫ్రేముకు 200 పైన ఆమ్లరహిత మ్యాట్ కాగితం. నిగనిగలాడే ఫొటో కాగితం ఈ బొమ్మలకు నప్పదు. వెలుగు కొట్టి గీతలు కనిపించవు, జిగురూ పట్టదు. ప్రింటు ఇచ్చేటప్పుడు ‘పేజీకి సరిపెట్టు’ కాకుండా 100 శాతం ఎంచుకోండి, లేకపోతే కొలతలన్నీ మారిపోతాయి.

కత్తిరించడం, అతికించడం

స్ప్రే పూత వేశాకే కత్తిరించాలి, కాగితం కాస్త గట్టిపడి అంచు పీచులేవకుండా తెగుతుంది. ముందు లోపలి ఖాళీలు, అంటే రెక్కకూ చేతికీ మధ్య ఉండే సందులు, మొనదేలిన క్రాఫ్ట్ కత్తితో తీసేయండి. బయటి అంచు ముందే కత్తిరిస్తే పట్టుకోవడానికి కాగితం మిగలదు. తర్వాత చిన్న వంపు కత్తెరతో బయటి గీత వెంట వెళ్లండి. కత్తెర పట్టిన చేయి కదలకూడదు, రెండో చేత్తో కాగితాన్ని తిప్పుతూ ఉండాలి. మీసాల్లాంటి సన్న కొమ్ములు, గడ్డిపోచలు ఉన్నచోట గీత మీద కాకుండా ఒక మిల్లీమీటరు బయటికి కత్తిరించండి. ఆఖర్న తెల్లగా కనిపించే కాగితపు అంచు మీద ఆ పక్క రంగుకు దగ్గరగా ఉండే రంగుపెన్సిల్‌ను పక్కకు వంచి ఒకసారి గీయండి. అతికించాక బొమ్మ కత్తిరించి పెట్టినట్టు కాకుండా అక్కడే గీసినట్టు కనిపించేది దీనివల్లే.

చెక్కను 220 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, తెలుపో మీగడరంగో యాక్రిలిక్ పెయింటు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. లేత రంగు అడుగున లేకపోతే పలచటి కాగితం జిగురు తడికి పారదర్శకమై చెక్క నారలు బొమ్మలోంచి కనిపిస్తాయి. తెల్ల పీవీఏ జిగురు మూడు వంతులకు నీళ్లు ఒక వంతు కలిపి, చెక్క మీదా కాగితం వెనకా పలచగా రాయండి. కాగితం ఒక నిమిషం నానాలి. తడికి కాగితం సాగుతుంది. నానకముందే అతికిస్తే ఆ సాగడం చెక్క మీద జరిగి ముడతలు పడతాయి. మధ్య నుంచి అంచులకు వేలితో సర్దుతూ గాలి బయటికి పంపండి. ఆరాక ఎక్కడైనా బుడగ మిగిలితే సన్న బ్లేడుతో చిన్న గాటు పెట్టి, లోపలికి జిగురు పంపి నొక్కండి.

కుండ, సీసా లాంటి గుండ్రటి వస్తువు మీద పెద్ద బొమ్మ ఒక్క ముక్కగా కూర్చోదు. కాండం వెంట, ఆకు అంచు వెంట రెండు మూడు గాట్లు పెడితే కాగితం వంపుకు లొంగుతుంది, ఆ గాట్లు గీతల్లో కలిసిపోతాయి.

పూర్తిగా ఒక రోజు ఆరాక వాటర్ బేస్ మ్యాట్ వార్నిష్ మూడు నుంచి ఐదు పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య రెండు గంటలు ఆగాలి. మూడో పూత తర్వాత 400 నంబరు శాండ్‌పేపర్‌తో చాలా తేలిగ్గా రుద్దితే కాగితం అంచు వేలికి తగలదు. ఆయిల్ వార్నిష్ కాలక్రమేణా పచ్చబడుతుంది, లేత నీలి రెక్కలు ఆకుపచ్చగా మారతాయి. లోపల తేమ ఉండగా వార్నిష్ వేస్తే తెల్లటి మసక కమ్ముకుంటుంది.

చెక్క మీదికి నేరుగా దింపడం

నల్లగీతల పూల బొమ్మలకు ఇది బాగుంటుంది. లేజర్ ప్రింటే కావాలి, అది కూడా అద్దంలో చూసినట్టు తిరగేసి తీసినది. చెక్కకు యాక్రిలిక్ జెల్ మీడియం (ఆరితే పారదర్శకంగా మారే చిక్కటి జిగురులాంటి ముద్ద) సమంగా రాసి, బొమ్మ వైపు కిందికి పెట్టి అదిమి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు తడిగుడ్డతో కాగితాన్ని నానబెట్టి వేలికొసలతో గుండ్రంగా రుద్దితే గుజ్జు ఊడొస్తుంది. ఒకేసారి అంతా తీయాలని చూస్తే గీతలూ లేస్తాయి. రెండు మూడు విడతల్లో, మధ్యలో ఆరనిస్తూ తీయండి. ఆరిన ప్రతిసారీ తెల్లటి పొర కనిపిస్తే ఇంకా గుజ్జు మిగిలినట్టు. చివరి సన్నపొర వార్నిష్ తడికి మాయమవుతుంది.

ఫ్రేము

బొమ్మ గాజుకు తగలకూడదు. తేమ చేరితే సిరా గాజుకు అంటుకుంటుంది. మధ్యలో ఆమ్లరహిత మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ చట్రంలా పెట్టే మందపాటి అట్ట, ఉంటే ఆ ఎడం దొరుకుతుంది. ఏ5 బొమ్మకు మూడు పక్కలా 5 సెంటీమీటర్లు, కింద 6 వదిలితే బొమ్మ జారినట్టు అనిపించదు. బోర్డు రంగు కాగితం రంగుకంటే ఒక్క మెట్టు లేతగా ఉండాలి. తెల్లటి బోర్డు పక్కన మీగడరంగు కాగితం మురికిగా కనిపిస్తుంది.

బొమ్మను నాలుగు మూలలా అతికించకండి. కాగితం వాతావరణాన్ని బట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, కదలడానికి చోటు లేకపోతే అలలు తేలుతుంది. పై అంచున రెండు చోట్ల మాత్రమే ఆమ్లరహిత పేపర్ టేపు పెట్టండి. మామూలు సెల్లోటేపు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా మిగులుతుంది. చేతిలో ఉన్నది చేత్తో రంగులద్దిన అసలు పాత పేజీ అయితే టేపు కూడా వద్దు, కాగితపు మూలల్లో దోపి నిలపండి. గోడ మీద దాని నకలు పెట్టి, అసలుది చీకట్లో, బల్లపరుపుగా, ఆమ్లరహిత కాగితాల మధ్య దాచడం ఇంకా మంచిది.

గోడ మీద వరసగా పెట్టేటప్పుడు ఫ్రేముల మధ్య 5 సెంటీమీటర్ల ఎడం, వరస నడిమి గీత నేల నుంచి సుమారు 145–150 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా చూసుకోండి. నేరుగా ఎండ పడే గోడ వద్దు. యూవీ గాజు (ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది) రంగు వెలిసిపోవడాన్ని నెమ్మది చేస్తుంది కానీ పూర్తిగా ఆపదు.