కారు ఏ మీటరుకు, డాబా మీద ఎన్ని కిలోవాట్లు? సోలార్, ఎలక్ట్రిక్ కారు ఉన్న ఇంటి కరెంటు లెక్క

ఫోన్‌కు రీఛార్జ్ ప్లాన్ ఎంచుకున్నట్టు ఇంటి కరెంటుకు ప్లాన్ ఎంచుకోవడం మన దగ్గర లేదు. నల్గొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) పరిధిలో ఇంటి మీటరుకు ఒకటే స్లాబుల పట్టిక. అయినా మీ చేతిలో రెండు నిర్ణయాలు ఉన్నాయి: కారును ఏ మీటరుకు తగిలించాలి, డాబా మీద ఎన్ని కిలోవాట్లు పెట్టాలి. ఈ రెండింటినీ కలిపి లెక్క వేయకుండా ముందు కారు కొని, తర్వాత ఎప్పుడో సోలార్ గురించి ఆలోచించే ఇళ్లలోనే డబ్బు ఎక్కువగా పోతుంది.

ముందు స్లాబులు చూద్దాం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు ఇవి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 రూ.3.10 చొప్పున. 100 దాటి 200 వరకు వాడితే మొదటి 100 రూ.3.40, మిగతావి రూ.4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లూ రూ.5.10 అవుతాయి, ఆపైన 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9, 800 వరకు రూ.9.50, అదీ దాటితే రూ.10. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం వీటికి అదనం. కింద లెక్కలన్నీ ఒక్క ఎనర్జీ ఛార్జీవే. మీ తాజా బిల్లులో రేట్లు ఇవే ఉన్నాయో లేదో సరిచూసుకుని ముందుకు వెళ్లండి.

ఈ పట్టికలో 200 దగ్గర ఒక గుంత ఉంది. సరిగ్గా 200 యూనిట్లు కాలితే రూ.820. 201 కాలితే రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70. గీత దాటగానే పాత తక్కువ రేట్లు మొత్తం పోయి, మొదటి యూనిట్ నుంచే కొత్త రేటు పడుతుంది కాబట్టి ఇలా అవుతుంది. 100 దగ్గరా ఇదే కథ: 100కు రూ.252.50, 101కి రూ.344.80. 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే.

ఇక కారు ఎంత తాగుతుందో చూడాలి. కంపెనీ చెప్పే రేంజ్‌ను పక్కన పెట్టండి. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని నడిపితే చిన్న, మధ్యరకం కార్లు బ్యాటరీలోని ఒక యూనిట్‌కు 6 నుంచి 8 కిలోమీటర్లు ఇస్తాయి. గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీకి చేరేలోపు 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది. మీటరు ఆ నష్టాన్ని కూడా లెక్కిస్తుంది. నల్గొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. నెలలో 5 సార్లు వెళ్లొస్తే 1,000 కిలోమీటర్లు. యూనిట్‌కు 7 కిలోమీటర్లు, 12 శాతం నష్టం వేసుకుంటే మీటరు మీద తిరిగేది 160 యూనిట్లు.

ఇల్లు ఒక్కటే నెలకు 260 యూనిట్లు వాడుతుందనుకుందాం. సోలార్ లేదు. ఇంటి బిల్లు రూ.1,482. కారును అదే మీటరుకు పెడితే 420 యూనిట్లకు రూ.2,880. అంటే కారు 160 యూనిట్లకు రూ.1,398, యూనిట్ రూ.8.70 పైనే పడింది. అన్నిటికంటే పై స్లాబులో పడేది కారు వాడే యూనిట్లే, అందుకే దాని కరెంటు మీ సగటు రేటుకు రాదు, చివరి యూనిట్ల రేటుకు వస్తుంది.

ఇంకో దారి, ఈవీ ఛార్జింగ్‌కు విడిగా మీటరు. ఎల్‌టీ-9 కేటగిరీ, స్లాబులు లేవు, యూనిట్ రూ.6. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇంట్లో కారుకు వేరే కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చాయి. 160 యూనిట్లకు రూ.960, తేడా రూ.438. అందులోంచి ఆ రెండో మీటరు ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ తీసేస్తే చేతిలో మిగిలేది బాగా తగ్గుతుంది. పైగా సోలార్ యూనిట్లు అది కట్టిన మీటరులోనే సర్దుబాటు అవుతాయి. కారు వేరే మీటరు మీద ఉంటే, డాబా మీద కరెంటు మిగిలినా దానికి దక్కదు. డాబా మీద చోటున్న ఇంటికి మా సలహా ఒక్కటే: కారును ఇంటి మీటరు మీదే ఉంచండి. విడి మీటరు డాబా లేనివారికి, అపార్ట్‌మెంట్లో ఉండేవారికి, ఇల్లొక్కటే 400 యూనిట్లు దాటుతూ కారు నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవారికి పనికొస్తుంది.

అదే ఇంటి మీద సోలార్ పెట్టి చూద్దాం. మన ఎండకు ఒక కిలోవాట్ ఏడాది సగటున నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తుంది. నీడ లేని స్థలం కిలోవాట్‌కు 100 చదరపు అడుగులు కావాలి. 420 యూనిట్ల ఇంటికి 1 కిలోవాట్ పెడితే, సోలార్ ఇచ్చినవి తీసేశాక బిల్లు పడేవి నికరంగా 300 మిగిలి రూ.1,790. 2 కిలోవాట్లకు 180 మిగిలి రూ.724. 3 కిలోవాట్లకు 60 మిగిలి రూ.128.50. మొదటి కిలోవాట్ నెలకు రూ.1,090, రెండోది రూ.1,066, మూడోది దాదాపు రూ.595 మిగిల్చాయి. నాలుగోది? రూ.128.50, ఆపైన గ్రిడ్‌కు పోయే 60 యూనిట్లు. ఆ మిగులు నెలనెలా ముందుకు జమ అవుతుంది గానీ, లెక్క తేల్చే గడువుకు డిస్కం సగటు కొనుగోలు ధరే ఇస్తుంది, మీరు కట్టే పై స్లాబు రేటు రాదు. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా 3 దగ్గరే ఆగుతుంది: మొదటి రెండు కిలోవాట్లకు రూ.30,000 చొప్పున, మూడో దానికి రూ.18,000, మొత్తం రూ.78,000. కొటేషన్ 2 లక్షలనుకుంటే చేతి నుంచి పడేది రూ.1,22,000. నెలకు రూ.2,750 దాకా ఆదా కాబట్టి నాలుగేళ్ల లోపే తిరిగొస్తుంది.

సగటును నమ్మి 2 కిలోవాట్లతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. నికరం 180, 200 గుంతకు అంచునే ఉన్నారు. ఆ నెలలో పెళ్లి పనులని హైదరాబాద్‌కు మరో రెండు ట్రిప్పులు పడ్డాయి, 64 యూనిట్లు పెరిగి 244 అయ్యాయి. బిల్లు రూ.724 నుంచి రూ.1,358 దాటింది. ఆ 64 యూనిట్లకు యూనిట్ దాదాపు రూ.10 పడింది. జులై, ఆగస్టు ముసురు నెలల్లో కిలోవాట్‌కు 90 యూనిట్లే వస్తే ట్రిప్పులు పెరగకపోయినా 2 కిలోవాట్ల ఇంటికి 240 మిగులుతాయి. అదే 3 కిలోవాట్లయితే మిగిలేది 150, గీతకు ఇవతలే. మేలో ఏసీలతో ఇల్లు 400కు చేరినా, సగటు 120 లెక్కన 3 కిలోవాట్ల మీద నికరం సరిగ్గా 200 దగ్గర ఆగుతుంది. కాబట్టి సామర్థ్యం ఎంచుకునేటప్పుడు 12 నెలల బిల్లులు ముందు పెట్టుకుని, అన్నిటికంటే చెడ్డ నెల కూడా 200 లోపు ఉండేలా చూడండి.

కారును పగలు ఛార్జ్ చేయాలా, రాత్రా? నెట్ మీటరు, అంటే తీసుకున్నవీ ఇచ్చినవీ రెండూ లెక్కించే మీటరు ఉంటే ఇప్పటి స్లాబుల్లో బిల్లుకు తేడా లేదు. మధ్యాహ్నం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్‌ను రాత్రి వెనక్కి తీసుకుంటున్నారు, అంతే. అయితే 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనలు పగటి సోలార్ వేళల్లో కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళల్లో ఎక్కువ రేటు ఉండాలన్నాయి. స్మార్ట్ మీటర్లతో ఆ పద్ధతి ఇళ్లకూ వస్తే సాయంత్రం ప్లగ్గు పెట్టే అలవాటు ఖరీదవుతుంది. అందుకే టైమర్ పెట్టుకునే వీలున్న ఛార్జరే తీసుకోండి.

దరఖాస్తుకు ముందు చేయాల్సిన పనులు వరుసగా చెబుతాం. మొదటిది పేరు. మీటరు ఇంకా తాతగారి పేరు మీద ఉంటే సబ్సిడీ దగ్గర ఆగిపోతుంది. మీటరు పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటి చేసుకోండి. రెండోది లోడు, అంటే మీ సర్వీసుకు మంజూరైన కిలోవాట్లు. చాలా ఇళ్లకు 1, 2 కిలోవాట్లే రాసి ఉంటుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు మీద కారే 3 కిలోవాట్లకు పైగా లాగుతుంది, దానికి ఏసీ, గీజర్ తోడైతే బిల్లు మీద ఆర్‌ఎండీ (ఆ నెలలో ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు) అంకె 6, 7 చూపిస్తుంది. లోడు పెంచుకున్నాకే సోలార్‌కు వెళ్లండి. 7.2 కిలోవాట్ల ఛార్జరు కావాలంటే త్రీఫేజ్ సర్వీసుకు సిద్ధపడాలి. రోజుకు 100 కిలోమీటర్ల లోపు తిరిగేవారికి రాత్రంతా 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. మూడోది, కింద ఇంటికీ పై ఇంటికీ వేర్వేరు మీటర్లుంటే, సోలార్ కట్టిన మీటరుకే కారు ప్లగ్గు లైను లాగించండి. నాలుగోది ప్యానెళ్లు: సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే, అంటే డీసీఆర్ ప్యానెళ్లే కావాలి. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన పేరుతో ఆగాల్సిన పని 2024 సవరణతో పోయింది.

కారు ప్లగ్గుకు డీబీ (ఇంటి స్విచ్‌ల మెయిన్ బోర్డు) నుంచి నేరుగా విడి లైను ఉండాలి: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, లోడు మించితే ఆపేసే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కారు పెట్టొద్దు, గంటల తరబడి నిండు లోడు లాగితే అది కరుగుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఛార్జరు ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి, 5 వోల్టులు దాటితే ఎర్త్ గుంతలోనో న్యూట్రల్‌లోనో లోపం ఉండొచ్చు. మన రాతి నేలల్లో ఎండాకాలం ఆ గుంత పూర్తిగా ఎండిపోతుంది, వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలి.

కరెంటు పోతే ఆన్‌గ్రిడ్, అంటే గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగుతుంది. లైను మీద పనిచేసేవారి ప్రాణాల కోసమే ఆ ఏర్పాటు. కోతల్లో కారు ఛార్జ్ అవుతుందని లెక్క వేసుకోకండి.

ప్యానెళ్లను దక్షిణం వైపు 15 నుంచి 17 డిగ్రీల వాలులో పెట్టించండి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మూల మీద పడినా ఉత్పత్తి దెబ్బతింటుంది. మిర్యాలగూడ మిల్లుల బూడిద, క్వారీల దుమ్ము దగ్గర ఉంటే పది రోజులకోసారి తెల్లవారుజామున కడగాలి. బోరు నీళ్లు ఆరితే తెల్లటి పొర కడుతుంది, మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. కోతులు తిరిగే ఊళ్లలో తీగలన్నీ పైపుల్లోనే పోవాలి.

నెట్ మీటరు పెట్టాక మొదటి మూడు బిల్లులు మీరే సరిచూడాలి. మీటరు తెరపై 1.8.0 అన్న చోట గ్రిడ్ నుంచి తీసుకున్నవి, 2.8.0 అన్న చోట గ్రిడ్‌కు ఇచ్చినవి కనిపిస్తాయి. రీడింగ్ రోజున రెండు అంకెలూ ఫొటో తీసిపెట్టుకోండి. బిల్లులో తీసుకున్నవి మాత్రమే ఎక్కి, ఇచ్చినవి తీసేయకపోతే ఆ ఫొటోతో వెంటనే సెక్షన్ ఆఫీసుకు వెళ్లండి. రీడింగ్‌కు రెండు రోజుల ముందు నికరం 190 దాటి ఉంటే, కారులో చాలినంత ఛార్జ్ ఉన్నప్పుడు ప్లగ్గు పెట్టకండి. రీడింగ్ తీసి వెళ్లాక పెట్టండి.