పెద్ద ఇంగ్లీషు మాటలు గుర్తుండటం లేదా? ముందు మీ లిస్టు చూడండి

గుంటూరు బ్రాడీపేటలో, విదేశాల్లో చదువు కోసం రాసే జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్‌కి చదివేవాళ్లకు వకాబులరీ చెబుతుంటాను. వచ్చేవాళ్లకు ఇంగ్లీషు రాక కాదు. పేపర్ చదువుతారు, డిక్షనరీ చూస్తారు, రోజూ కూర్చుంటారు. అయినా అందరిదీ ఒకటే మాట: "మేడమ్, చదివిందంతా మర్చిపోతున్నాను." ఆ మాట వెనక కనీసం మూడు వేర్వేరు సమస్యలుంటాయి. మీది ఏదో తేల్చుకోకుండా ఇంకో కొత్త లిస్టు మొదలుపెట్టకండి.

ముందు ఈ చెక్ చేయండి

నిన్న చదివిన పేజీ తీయండి. ఇంగ్లీషు మాటల వైపు మూసేసి, అర్థాలు మాత్రం చూస్తూ ఒక ఇరవై మాటలు కాగితం మీద రాయండి. తర్వాత ఒక్కో మాటతో ఒక సొంత వాక్యం రాయండి. అరగంట కూడా పట్టదు. కానీ ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి, ఆ పేజీనే మళ్లీ పైనుంచి కిందకి చదువుతారు. అలా చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ఎక్కడ పోతోందో కాగితం మీద పెడితేనే తెలుస్తుంది.

కాగితం మీద ఖాళీలు ఎక్కువగా ఉంటే

కారణం: ఎప్పుడూ ఒకే వైపు నుంచి చదవడం. మాట చూసి అర్థం గుర్తుపట్టడం మీకు వచ్చేసింది, అర్థం తలుచుకుని మాటను బయటికి తీయడం అలవాటు కాలేదు. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు కావాల్సింది రెండోదే.

పరిష్కారం: కార్డులు తిప్పి చదవండి. ఫోన్‌లో ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడుతుంటే రివర్స్ కార్డు వచ్చే రకం ఎంచుకోండి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులాగి ఒకసారి, వారం దాటాక ఒకసారి. ఎక్కువమందికి ఇది చాలు.

ఒక మాట బదులు ఇంకోటి రాసి ఉంటే

అసలు దొంగ సమస్య ఇది. మర్చిపోయినట్టే కనబడుతుంది కాబట్టి ఇంకా గట్టిగా బట్టీ పడతారు, దాంతో ఇంకా ముదురుతుంది. నిజానికి మీరేమీ మర్చిపోలేదు. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి.

'వాగుడుకాయ' అనగానే గారులస్, లొక్వేషస్, వాల్యుబుల్ (voluble) మూడూ తోసుకొస్తాయి. తేడా అడిగితే నోరు పెగలదు. ఇంజీనియస్ అంటే మంచి ఉపాయం తట్టే బుర్ర, ఇంజెన్యువస్ అంటే కల్లాకపటం తెలియకపోవడం. పరీక్ష హాల్లో ఏది ఏదో తేలదు. ఒక కుర్రాడు అమెరికా యూనివర్సిటీకి పంపే వ్యాసంలో వాళ్ల నాన్నగారిని పార్సిమోనియస్ అని రాశాడు. పొదుపుగా బతికి తనను చదివించారని పొగుడుదామనే రాశాడు. అక్కడ ఉండాల్సింది ఫ్రూగల్. పార్సిమోనియస్ అంటే పిసినారి అని తిట్టడం. అతని నోట్‌బుక్‌లో రెండూ ఒకే గీత కింద, 'పొదుపు' అన్న ఒకే అర్థంతో ఉన్నాయి.

తప్పు కుర్రాడిది కాదు, లిస్టుది. మన దగ్గర తిరిగే లిస్టులు రెండు రకాలు. ఒకటి, అర్థం ఒకేలా ఉన్న మాటల్ని గుంపు కట్టినవి. రెండోది, అక్షరక్రమంలో పేర్చినవి. వాటిలో అబేట్, అబెట్, అబ్‌జ్యూర్, అబ్రొగేట్ వరసగా వస్తాయి. రెండూ చూడ్డానికి నీట్‌గా ఉంటాయి, దూరంగా ఉంచాల్సిన మాటల్ని పక్కపక్కనే కూర్చోబెడతాయి. కవలలిద్దరినీ ఒకే రోజు పరిచయం చేస్తే ఎవరి పేరు ఏదో చాలాకాలం తేలదు. ఒకరితో ముందు బాగా అలవాటైతే రెండోవారిని చూసినప్పుడు తేడా దానంతటదే తెలుస్తుంది.

దీని మీద పరిశోధనే ఉంది. అర్థంలో దగ్గరగా ఉన్న కొత్త మాటల్ని ఒకేసారి నేర్చుకోవడం, సంబంధం లేని మాటల్ని నేర్చుకోవడం కంటే కష్టమని థామస్ టింకమ్ 1993లో ప్రయోగం చేసి చూపించాడు. 1997లో రాబ్ వేరింగ్ జపాన్‌లో అదే చేస్తే అదే తేలింది. ఒకే సందర్భానికి చెందిన మాటలైతే కలిపి నేర్చుకోవడం తేలికవుతుందని టింకమ్ 1997లో చూపించాడు.

పరిష్కారం కూడా అక్కడే ఉంది. ప్రతి గుంపులో ఒక్క మాట ఉంచి మిగతావి పెన్సిల్‌తో కొట్టేయండి. మనసు ఒప్పదు, అయినా కొట్టేయండి. తర్వాత లిస్టు బదులు ఒక సంఘటన తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటి ఇంగ్లీషు వార్త ఏదైనా చదవండి. కట్టకు పడ్డ గండి బ్రీచ్. కాలనీలు నీట మునగడం ఇనండేట్. మేడల మీద చిక్కుకుపోయినవాళ్లు మరూన్డ్. నీళ్లు తగ్గుముఖం పట్టడం సబ్‌సైడ్. నాలుగూ ఒకే కథలోవి, ఒకదాని చోటులో ఇంకోటి కూర్చోదు. ఇవి కుదిరాక అవే మాటలు బయట ఎక్కడ కనబడతాయో చూడండి: ఒప్పందం ఉల్లంఘించినా బ్రీచే, జ్వరం తగ్గినా కోపం చల్లారినా సబ్‌సైడే.

ఇప్పటికే కలిసిపోయిన జంటలుంటే రెండూ పక్కపక్కన పెట్టుకుని తేడాలు రాసుకుంటూ కూర్చోకండి. ఒకదాన్ని కొన్ని వారాలు పూర్తిగా పక్కన పెట్టండి. రెండోదాన్ని మీ ఇంటి మనుషుల మీద, మీ వీధి మీద వాక్యాలు రాసి స్థిరపరచుకోండి. ఆ తర్వాతే మొదటిది బయటికి తీయండి.

"జీఆర్ఈ సెంటెన్స్ ఈక్వివలెన్స్‌కి (ఖాళీలో పెడితే ఒకే అర్థం వచ్చే రెండు మాటలు ఎంచుకునే ప్రశ్న) పర్యాయపదాలే కదా కావాలి?" అని తప్పకుండా అడుగుతారు. కావాలి. కానీ గుంపు కట్టాల్సింది మాటలు విడివిడిగా వచ్చేశాక, పరీక్షకు ముందు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకం కొని ఉంటే అది అచ్చయిన సంవత్సరం కూడా చూసుకోండి. 2011 ఆగస్టులో జీఆర్ఈ మారి, యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీల (మాటల జతల మధ్య పోలిక) ప్రశ్నలు తీసేశారు. వాటికోసం పేర్చిన పేజీలతో ఇప్పుడు పని లేదు.

మాట సరైనదే, వాక్యమే అతకలేదు

కారణం: ఆ మాట ఏ మాటలతో జతకడుతుందో చూడకపోవడం. మిటిగేట్ అంటే తీవ్రత తగ్గించడం. రిస్క్‌ను మిటిగేట్ చేస్తారు, నష్టాన్ని మిటిగేట్ చేస్తారు. రోగిని మిటిగేట్ చేయరు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మార్కులిచ్చే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి, అందులో కొలొకేషన్ (ఈ మాటల జతకట్టడం) కూడా చూస్తారు. ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒక్కటే దీనికి సరిపోదు. ఆక్స్‌ఫర్డ్ లేదా లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీ తీసి, అక్కడి ఉదాహరణ వాక్యం ఉన్నదున్నట్టు రాసుకోండి. లాంగ్‌మన్‌లో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే ఇస్తారు కాబట్టి చదవడానికి ఇబ్బంది ఉండదు.

మిగతావి

మెమరీ పవర్ లేదు, తెలుగు మీడియంలో చదివాను, వయసైపోయింది: పైన చెప్పిన చెక్ చేశాక వీటిలో ఏదో అసలు కారణమని తేలినవాళ్లు నాకు తగల్లేదు. లాటిన్ రూట్స్ సరదా ఉంటే నేర్చుకోండి, వాటి మీదే ఆధారపడకండి. ఉచ్చారణ డౌటైతే ఒకసారి విని పైకి అనండి, అంతే.

ఇవన్నీ చేశాక వారానికి కూడా కాగితం మీద ఖాళీలే ఉంటే, రోజుకు నేర్చుకునే కొత్త మాటల్ని సగానికి తగ్గించండి. పాతవి తేలేదాకా పేజీ తిప్పకండి.