నేర పరిశోధన చిత్రానికి బృందాన్ని కూర్చుకోవడం ఎలా: ఎవరి పని ఏది, ఎవరిని ముందు తీసుకోవాలి

24 క్రాఫ్టుల వాళ్లూ చెయ్యి వేస్తే తప్ప ఏ సినిమా అయినా పూర్తికాదు. అయితే ప్రేమకథకు, కుటుంబకథకు పనికొచ్చే బృందాన్నే హత్య కేసు కథకు యథాతథంగా పెట్టుకుంటే ఇబ్బంది తప్పదు. నేర పరిశోధన చిత్రం చూసే ప్రేక్షకుడు మొదటి నిమిషం నుంచే అనుమానంతో కూర్చుంటాడు. ప్రేమకథలో నాయకుడి వాచీ ఒక షాట్‌లో ఎడమ చేతికి, మరో షాట్‌లో కుడి చేతికి ఉన్నా ఎవరూ పట్టించుకోరు. హత్య కథలో మాత్రం అదే పొరపాటును ప్రేక్షకుడు ఆధారంగా మనసులో పెట్టుకుంటాడు, చివరిదాకా దానికి సమాధానం దొరక్కపోతే తనను మోసం చేశారని అనుకుంటాడు. కాబట్టి హైదరాబాద్‌లో పరిమిత బడ్జెట్‌తో ఇలాంటి చిత్రం మొదలుపెట్టేవారికి నేను సూచించే కొలమానం ఒక్కటే: ఎవరి పొరపాటు తెరమీద ఆధారంలా కనిపిస్తుందో వారిని ముందుగా తీసుకోండి, వారికి తగిన పారితోషికం ఇవ్వండి.

కథ దగ్గర కూర్చోవలసినవారు

కథ, స్క్రీన్‌ప్లే, మాటలు ఒక్కరే రాసినా ముగ్గురు రాసినా, బౌండ్ స్క్రిప్టుతో (మాటలతో సహా పూర్తయిన రాతప్రతితో) పాటు రెండు కాలపట్టికలు తప్పనిసరిగా సిద్ధం చేయించండి. మొదటిది నేరం నిజంగా జరిగిన క్రమం, రెండవది అది ప్రేక్షకుడికి తెలిసే క్రమం. రెండవ పట్టికలో ప్రతి సన్నివేశం పక్కన ఆ సమయానికి ఏ పాత్రకు ఏమి తెలుసో కూడా రాయించాలి. తనకు ఇంకా తెలియని విషయాన్ని ఒక పాత్ర మాటల్లో పెట్టేయడం ఈ తరహా కథల్లో తరచుగా దొర్లే తప్పు. స్టోరీ డిస్కషన్స్‌లో ఎంతమంది కూర్చున్నా, పట్టిక లేనిదే అది దొరకదు.

ఇదే దశలో ఒక క్రిమినల్ న్యాయవాదిని, పదవీవిరమణ చేసిన ఒక పోలీసు అధికారిని సలహాదారులుగా తీసుకోండి. హత్య కేసు దర్యాప్తు సాధారణంగా ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంటుంది గనుక, పై స్థాయిలో పనిచేసిన అధికారి కంటే సి.ఐ.గా ఎక్కువ కాలం పనిచేసినవారు మీకు ఎక్కువ ఉపయోగపడతారు. పంచనామా ఎవరి సమక్షంలో రాస్తారు, క్లూస్ టీమ్ వచ్చేదాకా గదిని ఎవరు కాపలా కాస్తారు, జాగిలాన్ని ఏ సమయంలో రప్పిస్తారు, స్టేషన్ రైటర్ ఎక్కడ కూర్చుంటాడు అన్న వివరాలు వారి నోట వింటే మాటల రచయితకు సగం సన్నివేశాలు వాటంతట అవే తడతాయి.

న్యాయవాది అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. 2024 జులై 1 నుంచి పాత ఐ.పి.సి. (భారతీయ శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తేదీ తర్వాత జరిగే కథలో హత్యకు 302 అని కాక 103వ సెక్షన్ అని చెప్పాలి. కథ 2023లో జరుగుతుంటే 302 సరైనదే. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలనీ, ఆ ప్రక్రియను వీడియో తీయాలనీ దర్యాప్తు, విచారణ పద్ధతులను చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. పోలీసుల ఎదుట ఇచ్చిన నేరాంగీకారం మాత్రం మునుపటిలాగే కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించిన మేరకే ఆ మాటలకు విలువ ఉంటుంది. పతాక సన్నివేశాన్ని హంతకుడు స్టేషన్‌లో అంతా ఒప్పేసుకోవడంతో ముగించాలనుకునేవారు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే, ఆ తర్వాత కత్తి ఎక్కడ దొరికిందన్న మరింత బలమైన సన్నివేశం రాసుకోగలుగుతారు. నిజంగా జరిగిన కేసు ఆధారంగా తీస్తున్నప్పుడు లైంగిక నేరాల బాధితుల గుర్తింపు, నేరాల్లో చిక్కుకున్న పిల్లల గుర్తింపు బయటపడకుండా చూసే బాధ్యత కూడా న్యాయవాదిదే. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, ఊరు, బడి, వీధి కలిపి చూసినా మనిషిని గుర్తుపట్టే వీలుండకూడదు.

ఒక చొక్కా, నాలుగు శాఖలు

మన సెట్లలో కంటిన్యూటీ, అంటే ఒక షాట్‌కూ మరో షాట్‌కూ దుస్తులు, వస్తువులు, గాయాలు పొంతన తప్పకుండా చూసే పనిని చాలాసార్లు కొత్తగా చేరిన అసిస్టెంట్ డైరెక్టర్‌కు అప్పగిస్తారు. నేర కథకు ఇది తగదు. కో-డైరెక్టర్ తర్వాత సెట్‌లో అంతటి గౌరవం, షాట్ ఆపించగల అధికారం ఉన్న అనుభవజ్ఞుడికే ఆ పని ఇవ్వాలి. కారణం ఒక ఉదాహరణతో చెబుతాను.

హతుడు తెల్ల చొక్కా వేసుకున్నాడనుకోండి. సాయంత్రం టీకొట్టు దగ్గర అది శుభ్రంగా ఉంటుంది. రాత్రి కత్తిపోటుతో తడి రక్తం అంటుతుంది. మర్నాడు శవం దొరికేసరికి ఆ రక్తం ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. మార్చురీలో చొక్కాను తీసి పక్కన పెడతారు. చివరికి సీలు వేసిన ప్యాకెట్‌లో కోర్టుకు చేరి ఎం.ఓ.1 (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా పెట్టిన వస్తువు) అన్న గుర్తుతో బల్లమీదికి వస్తుంది. చిత్రీకరణ ఈ వరుసలో సాగదు. కోర్టు సెట్ ఖాళీగా దొరికిన వారంలో చివరి సన్నివేశాన్నే మొదట తీయవలసి రావచ్చు. అందువల్ల కాస్ట్యూమర్ ఒకే తానులోని గుడ్డతో కనీసం ఆరు చొక్కాలు కుట్టించి, కాలర్ లోపల వరుస సంఖ్య వేసి, ఏ సంఖ్య ఏ సన్నివేశానిదో కంటిన్యూటీ చూసేవారికి రాసివ్వాలి. చొక్కాలో కోత ఉన్న చోటే మేకప్ చీఫ్ ఒంటిమీద గాయం వేయాలి. కళా దర్శకుడి విభాగం తయారుచేసే ప్యాకెట్ మీది చీటీలో ఆ కేసు తేదీ, ఆ కేసు క్రైమ్ నంబరే ఉండాలి. ‘ఎడమ పక్కటెముకల కింద’ అని డాక్టర్ పాత్ర పలికే మాట కూడా ఆ కోతకు సరిపోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రేక్షకుడు శవం మారిందేమో అని ఆలోచించడం మొదలుపెడతాడు.

ఛాయాగ్రాహకుడికీ ఇందులో పాత్ర ఉంది. పాత వీధిదీపాల్లాంటి సోడియం కాంతిలో ఎరుపు నల్లగా కనబడుతుంది. అందుకే కృత్రిమ రక్తాన్ని, ఆ గుడ్డను, వాడబోయే లైట్లను కలిపి షూటింగ్‌కు ముందే కెమెరా టెస్ట్ చేయించండి. దెబ్బల విషయంలో మేకప్ విభాగం రోజులవారీ పట్టిక పెట్టుకోవాలి: కమిలిన చోటు మొదట ఎర్రగా, ఊదాగా ఉండి, కొన్ని రోజులకు ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారుతుంది.

కళా దర్శకుడి బృందంలో కాగితాల పని చూసే గ్రాఫిక్ డిజైనర్ ఒకరు విడిగా ఉండటం మంచిది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, పోస్టుమార్టం నివేదిక, కాల్ డేటా జాబితా, ఫోన్ తెరమీది సమయం, బండి నంబరు ప్లేటు అన్నీ వారి చేతిమీదుగానే వస్తాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టి.జి. అక్షరాలు వస్తున్నాయి కనుక, ఆ తర్వాత కొన్న కారుకు టి.ఎస్. వేస్తే కథాకాలమే మారిపోయినట్టు కనిపిస్తుంది. యూనిఫాం సంగతీ అంతే. ఎస్.ఐ.కి రెండు నక్షత్రాలు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు నక్షత్రాలు, ఇద్దరికీ భుజపట్టీ అంచున ఎరుపు-నీలం రిబ్బన్ ఉంటాయి. డి.ఎస్.పి.కి మూడు నక్షత్రాలే ఉంటాయి గాని రిబ్బన్ ఉండదు. హైదరాబాద్ కమిషనరేట్ పరిధిలో జరిగే కథలో డి.ఎస్.పి., ఎస్.పి. అని కాక ఎ.సి.పి., డి.సి.పి. అని పిలవాలి.

నటీనటులు

కాస్టింగ్ డైరెక్టర్‌కు మీరు చెప్పవలసిన మొదటి మాట, అనుమానితులందరూ ప్రేక్షకుడి దృష్టిలో సమాన స్థాయిలో ఉండాలని. అయిదుగురు అనుమానితుల్లో నలుగురు కొత్తవారై, ఒక్కరే పేరున్న నటుడైతే విశ్రాంతికి ముందే రహస్యం బయటపడుతుంది. నా అభిప్రాయంలో ఇలాంటి కథకు రంగస్థలం నుంచి వచ్చిన నటులు పెట్టని కోట. మాట్లాడకుండా వింటూ కూర్చునే సన్నివేశాలను నిలబెట్టడం వారికి తెలుసు, విచారణ గదిలో అదే కావాలి. యాస నేర్పేవారిని కూడా మర్చిపోకండి, శ్రీకాకుళం నుంచి వచ్చిన సాక్షి కరీంనగర్ యాస కలిపి మాట్లాడితే అదీ ఆధారమే అవుతుంది. కానిస్టేబుళ్లుగా వేసే జూనియర్ ఆర్టిస్టులు షెడ్యూలు పొడవునా మారకూడదని ఏజెంట్‌తో ముందే మాట్లాడుకోవాలి.

పిల్లలు నటిస్తుంటే చట్టం స్పష్టంగా ఉంది. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, పారితోషికంలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవి కాక, హింసాత్మక సన్నివేశాల్లో బిడ్డ స్పందనను విడిగా తీసి, ఎడిటింగ్‌లో కలపడమే మనుషులు చేయవలసిన పని.

సెట్ మీద

లొకేషన్ మేనేజర్, ప్రొడక్షన్ మేనేజర్, లైట్‌మెన్, ఫోకస్ పుల్లర్ వంటివారి పనులు ఏ చిత్రంలోనైనా ఇంచుమించు ఒకటే. రోడ్డు మీద నకిలీ పోలీసులతో, నకిలీ ఆయుధాలతో చిత్రీకరించేటప్పుడు స్థానిక పోలీస్ స్టేషన్‌కు ముందుగా తెలియజేసి రాతపూర్వక అనుమతి పొందడం మాత్రం ఇక్కడ లొకేషన్ మేనేజర్‌కు అదనంగా పడే బాధ్యత.

ఆయుధాల విషయంలో నేను ఏ రాజీకీ ఒప్పుకోను. 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఒక సినిమా సెట్‌లో తుపాకీ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించారు. పేలని డమ్మీ తూటాలు మాత్రమే ఉండవలసిన చోటికి నిజమైన తూటా చేరింది. ఆ సెట్‌లో ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల జైలుశిక్ష పడింది. మీ చిత్రంలో పేలని రబ్బరు తుపాకీలే వాడుతున్నా సరే, ఫైట్ మాస్టర్ కాక మరొకరు వాటికి బాధ్యులుగా ఉండాలి. వాటిని పెట్టిన పెట్టె తాళం వారి దగ్గరే ఉండాలి, షాట్‌కు ముందు నటుడికీ కెమెరా విభాగానికీ వాటిని చూపించాలి, షాట్ అయిన వెంటనే వెనక్కి తీసుకోవాలి. తుపాకీ గొట్టం నుంచి వచ్చే మంటను, పొగను వి.ఎఫ్.ఎక్స్.లో కలుపుకోవచ్చు.

విచారణ సన్నివేశాలకు వీలైతే సింక్ సౌండ్ (సెట్ మీదే మాటలను రికార్డు చేయడం) పెట్టుకోండి. గుటక వేయడం, కుర్చీ కదలడం, మాట మధ్యలో ఊపిరి ఆగడం డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ పుట్టించడం కష్టం. అందుకు సౌండ్ రికార్డిస్టు, బూమ్ పట్టుకునే మనిషి, జనరేటర్‌ను దూరంగా నిలిపే ప్రొడక్షన్ విభాగం ముగ్గురూ ఒక మాట మీద ఉండాలి.

సెట్ ముగిశాక

ఎడిటర్‌ను స్క్రిప్టు దశలోనే ఒప్పించి రెండు కాలపట్టికలూ ఆయనకు ఇవ్వండి. ఒక ఆధారాన్ని ఎన్ని సెకన్లు చూపితే ప్రేక్షకుడు గమనిస్తాడు, ఎన్ని సెకన్లు చూపితే తేల్చేస్తాడు అన్నది ఆయన తీర్పు. ఇన్సర్ట్ షాట్లు (వస్తువులను, వివరాలను దగ్గరగా చూపే షాట్లు) తక్కువయ్యాయని ఎడిటర్ ముందే చెప్పగలిగితే ప్యాచ్ వర్క్ (మిగిలిపోయిన షాట్లను తర్వాత తీయడం) ఖర్చు తగ్గుతుంది. సంగీత దర్శకుడితో రీ-రికార్డింగ్‌కు (నేపథ్య సంగీతానికి) కూర్చున్నప్పుడు, నేరస్థుడు తొలిసారి కనిపించే చోట ప్రత్యేకమైన బాణీ వద్దని చెప్పండి. కథ తెలియని కొందరికి తొలి కాపీ చూపించి, ఎవరిని ఎప్పుడు అనుమానించారని విశ్రాంతి దగ్గర ఒకసారి, చివర్లో ఒకసారి రాయించుకుంటే ఎడిటర్‌కు అంతకు మించిన సాయం ఉండదు.

సెన్సార్ ధ్రువపత్రంలో ఇప్పుడు యు.ఎ. విభాగం 7+, 13+, 16+ అని మూడుగా ఉంది. ఎంత హింస చూపాలన్నది ఎడిటింగ్ గదిలో కాకుండా స్క్రిప్టు దశలోనే నిర్మాత, దర్శకుడు కలిసి తేల్చుకోవాలి. ‘ఎ’ వస్తే టెలివిజన్ ప్రసారానికి మళ్లీ మార్పులు చేసి ధ్రువీకరణ తీసుకోవలసి ఉంటుంది.

చివరగా చేరే ట్రైలర్ ఎడిటర్, పోస్టర్ డిజైనర్, పి.ఆర్.ఓ. ముగ్గురూ తెలియక రహస్యం బయటపెట్టే అవకాశం ఎక్కువ. చూపకూడని షాట్లు, చెప్పకూడని పేర్లు, కలిపి ఒకే ఫ్రేములో పెట్టకూడని ముఖాలు ఏవో దర్శకుడే స్వయంగా రాసి, పని మొదలుపెట్టకముందే ముగ్గురికీ ఇవ్వాలి.